ఇసుక దిబ్బను కదలనివ్వాలి

అందరికీ నమస్కారం.

గాలి ఇసుకను దుమ్ములాగా పైకెత్తి దూరం మోసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. ఇసుక రేణువుకు ఆ ఎగురుడు రాదు. కాస్త లేచి, వంపు తిరిగి, కొంత ముందుకు పడుతుంది. పడ్డ దెబ్బకు మరికొన్ని రేణువులు లేస్తాయి. లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్, ఈ గెంతులను గాలి సొరంగంలో, అంటే కావలసిన వేగంతో గాలిని వీయించే గొట్టంలో, పరీక్షించి 1941లో పుస్తకంగా వెలువరించారు.

గట్టి నేల మీద రేణువు బాగా గెంతుతుంది. మెత్తని ఇసుక మీద పడితే ఊపు చచ్చిపోతుంది. అందుకే ఇసుక ఉన్నచోటికే ఇసుక చేరుతుంది. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. ఒక పొద చాటున చేరిన చిన్న కుప్ప, తర్వాత వచ్చే ఇసుకను తానే ఆపుకుంటూ ఎదుగుతుంది. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది. అవతలి వైపు వాలు సుమారు 34 డిగ్రీలకు చేరగానే ఇసుక జారిపోతుంది. ఇటు కోత, అటు జారుడు. అలా దిబ్బ మొత్తం ముందుకు నడుస్తుంది. చిన్న దిబ్బలు పెద్దవాటి కంటే వేగంగా నడుస్తాయి.

సముద్రతీరంలో ఈ పనిలోకి మొక్కలు కూడా దిగుతాయి. అక్కడి గడ్డి, పాకుడు తీగలు ఇసుక కప్పేకొద్దీ పైకి చిగురిస్తూ దాన్ని వేళ్లతో పట్టి ఉంచుతాయి. ఈ దిబ్బ తీరానికి గాదె లాంటిది. తుఫాను అలలు దాన్ని కోసి ఇసుకను లోతు తక్కువ నీటిలో పరుస్తాయి. ఆ మేటల మీదే తర్వాతి అలలు విరిగి బలం కోల్పోతాయి. సముద్రం శాంతించాక అలలు ఆ ఇసుకలో చాలా భాగాన్ని ఒడ్డుకు తెస్తాయి, గాలి మళ్లీ దిబ్బకు చేరుస్తుంది. దిబ్బను చదును చేసి గోడ కట్టారనుకోండి, అల గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లి, దాని పాదం దగ్గరి ఇసుకనే తోడేస్తుంది. దిబ్బను తీసేయడాన్ని అభివృద్ధి అనడానికి నాకు మనసొప్పదు.

దిబ్బల్లో ఇంకిన వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని పైన నిలుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి దిబ్బల నీటిని తాగుతోంది.

దిబ్బ చెడడానికి పెద్ద యంత్రమే అక్కర్లేదు. జనం నడిచి గడ్డి చచ్చిన దారిలోంచి గాలి దూరి గుంట తవ్వుతుంది. నడకకు చెక్క వంతెన వేయాలి. గుంట పడినచోట పుల్లలతో దడి కట్టాలి, సగం సందులు వదిలి. సందుల్లేని దడి దగ్గర గాలి సుడి తిరిగి ఇసుకను చెదరగొడుతుంది. సందులున్న దడి వెనక గాలి నెమ్మదించి ఇసుక నిలుస్తుంది, అక్కడ గడ్డి నాటవచ్చు.