దవడ కింద వాపు: మనం చెప్పని మాట

పెద్దలకూ, ఎదురుగా ఉన్న టెక్నీషియన్లకూ, నర్సులకూ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘కాంట్రాస్ట్ మందులు, జాగ్రత్తలు’, అంటే స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేందుకు మనం సూదితో ఎక్కించే అయోడిన్ మందులు. కిడ్నీల గురించీ, అలర్జీల గురించీ ఇంతకుముందే చెప్పేశారు. నేను ఒక్క వాపు గురించే మాట్లాడతాను.

చాలా ఏళ్ల కిందట ఒక పెద్దావిడకు సీటీ స్కాన్ చేశాను. కాంట్రాస్ట్ సూది పెట్టింది నేనే. “ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందమ్మా, భయపడకండి” అన్నాను. అంతకుమించి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కొడుకు ఫోను: “సార్, అమ్మకి రెండు దవడల కిందా ఉబ్బిపోయింది. ముట్టుకుంటే గట్టిగా ఉంది.” స్కాన్‌కీ దానికీ సంబంధం లేదనేశాను. చూసిన డాక్టరు గవదబిళ్లలన్నారు. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు. నాలుగు రోజుల్లో వాపు దానంతటదే తగ్గిపోయింది.

రెండేళ్లకు మళ్లీ స్కాన్, మళ్లీ అదే వాపు. “నువ్వు సూది వేసినప్పుడల్లా నాకు గవదలొస్తున్నాయి నాయనా” అంది. గవదబిళ్లలు ఒకసారి వస్తే మళ్లీ రావడం అరుదు కదా! అప్పుడు తీశాను పుస్తకం.

1956లోనే రాసిపెట్టారండీ. ‘అయొడైడ్ మంప్స్’ అని పేరు; మంప్స్ అంటే గవదబిళ్లలే, అయొడైడ్ అంటే అయోడిన్ రూపం. కాంట్రాస్ట్‌లోని అయోడిన్ దాదాపు అంతా మూత్రంలో పోతుంది. మిగిలిన కొద్దిపాటిలో కొంత లాలాజల గ్రంథుల గుండా పోతుంది. ఆ గ్రంథులకు రక్తంలోని అయొడైడ్‌ను లాక్కునే గుణం ఉంది. అది అక్కడ పేరుకుని నాళాల లోపొర ఉబ్బితే లాలాజలానికి దారి మూసుకుంటుంది. కిడ్నీలు సరిగా లేనివాళ్లలో అయోడిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ముప్పు ఎక్కువ. వాపు కొన్ని నిమిషాల్లోనే రావచ్చు, ఐదు రోజులకూ రావచ్చు. అందుకే చాలాసార్లు మన కళ్ల ముందు కనిపించదు. ఇంటికెళ్లాక, రాత్రి పూట, అద్దంలో కనిపిస్తుంది.

మీలో ఎంతమంది ఈ మాట రోగికి ముందే చెబుతున్నారు? చేతులెత్తండి... చూశారా? నేనూ చెప్పలేదు, అందుకే అడుగుతున్నాను. అర నిమిషం పట్టదు. “దవడల కింద వాపు రావచ్చు, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, మాకు ఫోన్ చేయండి. ఊపిరాడకపోయినా, గొంతు బిగిసినా మాత్రం ఆగకుండా వచ్చేయండి.” ఇంతే. వచ్చిందని చెబితే ఫైల్లో రాయండి. మళ్లీ కాంట్రాస్ట్ ఇస్తే మళ్లీ రావచ్చు. ముందుగా స్టెరాయిడ్ ఇచ్చినా ఆగుతుందన్న భరోసా లేదు, ఎందుకంటే ఇది మనకు తెలిసిన అలర్జీ లాంటిది కాదు.

ఆవిడ ఫైలు మీద ఎర్ర ఇంకుతో నేనే రాశాను. మూడోసారి వచ్చినప్పుడు డాక్టరు ఆ రాత చూసి, కాంట్రాస్ట్ అక్కర్లేని అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందన్నారు.