పండగ బేరాలు, టెన్షన్ లేకుండా

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతికి ఇంకా నెల పైచిలుకు ఉంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ చిన్న షాపు వాళ్లని కదిలిస్తే ఒకటే మాట వినిపిస్తోంది: "పెద్ద షాపులు ఆఫర్లు పెట్టేశాయండీ, మనమూ ఏదో ఒకటి చెయ్యాలి." ఫ్లెక్సీ కట్టించాలా, ఆటోకి మైకు పెట్టించాలా, ధర తగ్గించాలా? ఏదీ తేలక టెన్షన్.

నన్నడిగితే మన జిల్లాల్లో పండక్కి జనాన్ని లాక్కురానక్కర్లేదు. హైదరాబాదు, చెన్నై, విజయవాడ పనులకెళ్లిన వాళ్లంతా ఆముదాలవలసలో రైలు దిగేది అప్పుడే. వరి కోతలై, ధాన్యం అమ్ముకుని రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ అప్పుడే. వాళ్లకి కావలసింది ఒక్క కబురు. మీ దగ్గర ఏముంది, ఎంత, ఎప్పటిలోగా చెప్పాలి?

కబురు పంపే ముందు మీ చేతి సత్తువ లెక్క చూసుకోండి. జాకెట్లు కుట్టే ఒకావిడ రోజుకి ఆరు కుట్టగలదనుకుందాం. డిసెంబరు 20 నుంచి భోగి ముందు వరకు, ఆదివారాలు, కరెంటు పోయిన పూటలు తీసేస్తే 20 రోజులు. అంటే 120. సరిచేసి ఇవ్వాల్సినవి ఎలాగూ వస్తాయి కనక 100 దగ్గర ఆపేయాలి. ఆ వంద నిండగానే "సంక్రాంతి ఆర్డర్లు అయిపోయాయి" అని వాట్సాప్ స్టేటస్ పెట్టేయండి. దాన్ని మించిన ప్రకటన లేదు. ఈసారి దొరకనివాళ్లు ఉగాదికి ముందే వస్తారు. వంద దగ్గర ఆపకపోతే మాత్రం భోగి మంట వేసే వేళకి కూడా గుమ్మంలో ఎవరో ఒకరు "హుక్కులు వేసి ఇచ్చేయమ్మా" అని నిలబడే ఉంటారు.

పిండివంటలు చేసి అమ్మేవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అరిసెలకి తడిపిండి కావాలి, పట్టించిన పూటే పాకంలో పడాలి. అందుకని వాటికి ఆర్డర్ల గడువు తేదీ ముందే చెప్పండి. సున్నుండలు, జంతికలు నాలుగు రోజులు నిలవుంటాయి గనక వాటిని ముందు అమ్మితే చివరి వారం పొయ్యి అరిసెలకి ఖాళీగా ఉంటుంది.

ఇక కబురు పంపడం. వాట్సాప్‌లో గ్రూపు పెట్టకండి. అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలు మొదలవుతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే మనిషి మనిషికీ విడిగా వెళ్తుంది, ఒక లిస్టులో 256 మంది వరకు పడతారు. ఒకటే మెలిక: మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "షాపు నంబరు దాచుకోండమ్మా" అనాలి. డిసెంబరులో ఒకసారి, పండక్కి వారం ముందు ఒకసారి పంపితే చాలు. ఫోటో కింద ధర రాయండి. రాయకపోతే రాత్రి పదింటిదాకా "ఎంతండీ" అన్నవాళ్లకి జవాబులు చెప్పుకోవడమే సరిపోతుంది.

ధర తగ్గించే పోటీ నాకైతే నచ్చదు. పెద్ద షాపు టోకున కొంటుంది, తగ్గించినా దానికి మిగులుతుంది. చిన్నవాడికి పోయేది సొంత కూలీ. పొందూరు ఖద్దరు అమ్మేవాళ్లనే చూడండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం అరనిమిషం వీడియో తీసి పెడితే, ఆ గుడ్డ ధర ఎందుకంతో కొనేవాళ్లకి అర్థమవుతుంది.

దసరా నాటికి విజయనగరంలో లెక్క వేరు. విజయదశమి వెళ్లిన మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ రోజు ఊళ్లో కాలు పెట్టే సందుండదు. టిఫిను బళ్లకీ, మంచినీళ్ల సీసాలకీ బేరం గానీ చీరలకి కాదు. బట్టల షాపు వాళ్లు కబురు నవరాత్రుల ముందే పంపేసి, ఆ మంగళవారం పనివాళ్లకి సెలవిచ్చినా నష్టం లేదు.

సెలవంటే గుర్తొచ్చింది. కనుమ, ముక్కనుమ రోజుల్లో షాపు మూస్తే ఆ వేళలు గూగుల్‌లో ముందే మార్చండి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. పండక్కొచ్చిన కొత్తల్లుడు ఫోను చూసుకుని బండేసుకుని వస్తాడు. తాళం కనిపిస్తే పక్క షాపుకి పోతాడు.

నమస్కారం.