కొట్టు పెట్టిస్తే సరిపోతుందా? మానసిక జబ్బుతో ఉన్నవాళ్ళకి నిలిచే పని ఏది?

[షాట్: కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన ఖాతా పుస్తకం, దగ్గరగా. అంచులకి నూనె మరకలు. ఒక పేజీలో "పాలు 2, రవ్వ అరకిలో, పాత బాకీ 340". కింద ఎవరో కొట్టేసి మళ్ళీ రాసిన అంకె.]

యాంకర్: నమస్తే అండి. ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రెనియానో బైపోలారో వచ్చింది. ఆసుపత్రి, మందులు, ఆర్నెల్లో ఏడాదో గడిచి మనిషి కాస్త కుదుటపడ్డాడు. అప్పుడు మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అనే మాట ఉంటుంది: "బయట ఉద్యోగాలు వాడి వల్ల ఎక్కడవుతాయి, ముందు గదిలో చిన్న కొట్టు పెట్టిద్దాం." ప్రేమతోనే అంటారు, కాదనను.

కానీ మీరెప్పుడైనా కొట్లో కూర్చున్నారా? పొద్దున ఆరింటికి పాల కోసం షటర్ బాదుతారు. రాత్రి పదింటికి దోమల చక్రం కావాలంటారు. అరువు ఇవ్వనంటే మొహం మాడ్చుకుంటారు. ఇచ్చాక అడిగితే "ఎక్కడికి పారిపోతాంలే" అని మనకే వడ్డిస్తారు. సెలవనే మాటే లేదు. నాలుగు రోజులు మూశారా, గిరాకీ పక్క కొట్టుకి అలవాటు పడిపోతుంది. ఇక్కడ పాలు విరిగి, బ్రెడ్డు బూజు పట్టి, ఆ నష్టం కూడా మన నెత్తినే.

అంటే అందరూ తేలికనుకునే పనే, జబ్బు తిరగబెట్టినప్పుడు అన్నిటికంటే ముందు దెబ్బతింటుంది. అందుకే పని వెతికేటప్పుడు "బాగున్న రోజున ఇది చేయగలనా" అని ఆలోచిస్తే చాలదు. బాగోలేని వారం ఒకటి వస్తుంది. ఆ వారం తర్వాత తిరిగి వెళ్తే అక్కడ నా కుర్చీ ఉంటుందా? ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే.

[తెరపై: గోడ గడియారం. పొద్దున 6:40.]

యాంకర్: ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఖమ్మంలో ఉంటాడు, డిగ్రీ అయింది, స్కిజోఫ్రెనియాకి రాత్రి ఒలాంజపిన్ వేసుకుంటాడు. ఈ మందుతో చాలామందికి నిద్ర ముంచుకొస్తుంది. క్వెటియాపిన్‌తో కూడా అంతే. రాత్రి బాగా పడుకుంటాడు గానీ, ఆ మత్తు పొద్దున తొమ్మిదింటి దాకా దిగదు. అలారం మోగుతుంది, చెయ్యి వెళ్ళి ఆపుతుంది, కళ్ళు తెరుచుకోవు. వాళ్ళమ్మ కాఫీ తెచ్చి మంచం పక్కన పెడుతుంది, అది చల్లారి మీగడ కడుతుంది. "వీడికి జబ్బు కంటే బద్ధకం ఎక్కువ" అని వాళ్ళ నాన్న పేపరు వెనక నుంచి అంటారు.

ఈ అబ్బాయికి మెడికల్ షాపులో ఏడింటి షిఫ్ట్ ఇప్పిస్తే రెండు వారాల్లో మానేస్తాడు. అందరూ "చెప్పలేదా, వాడి వల్ల కాదని" అంటారు. అదే షాపులో పదకొండింటి నుంచి రాత్రి ఏడు దాకా, కౌంటర్ మీద కాకుండా వెనక స్టాక్ సర్దడం, ఎక్స్‌పైరీ తేదీలు చూసి పక్కన పెట్టడం, బిల్లులు ఎక్కించడం ఇస్తే? మనిషి అతనే, షాపూ అదే. గంటలు మారాయి, ఎదురుగా నిలబడి కసురుకునే జనం తగ్గారు. ఉద్యోగం పేరు చూసి "ఇది కష్టం, అది తేలిక" అని తేల్చేస్తాం గానీ, ఆ పనిలో రోజు ఎప్పుడు మొదలవుతుంది, ఎంతమంది మొహాలు చూడాలి, తప్పు జరిగితే ఎవరు ఎలా అరుస్తారు అన్నవే అసలు సంగతులు. మందు వేసుకునే వేళ మార్చడానికి వీలుంటుందేమో డాక్టర్‌ని అడగండి, చాలాసార్లు ఏదో ఒక సర్దుబాటు దొరుకుతుంది. ఈ వీడియో చూసి మీ అంతట మీరు మాత్రం మార్చొద్దు.

[షాట్: రాత్రి, మాదాపూర్ రోడ్డు. ఆఫీసు క్యాబ్ ఆగుతుంది, మెడలో ట్యాగుతో ఒకమ్మాయి ఎక్కుతుంది.]

యాంకర్: బైపోలార్ ఉన్నవాళ్ళకి సంగతి వేరు. వాళ్ళకి నిద్రే కీలకం. వరసగా కొన్ని రాత్రులు నిద్ర తప్పితే మేనియా, అంటే ఉత్సాహం హద్దు దాటిపోయే దశ, ఎగదన్నే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌కి అలవెన్స్ ఇస్తారు కాబట్టి ఎగబడి తీసుకుంటారు. నన్నడిగితే, బైపోలార్ ఉంటే ఆ అలవెన్స్ జోలికి పోకండి. అన్నిటికంటే చెడ్డది ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అని తిరిగే షిఫ్ట్. జీతం రెండు వేలు తగ్గినా రోజూ ఒకే వేళ పని దొరికితే అదే మేలు.

బైపోలార్‌కి లిథియం అనే మందు వేసుకునేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ మాట మన దగ్గర ఎవరూ గట్టిగా చెప్పరు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, ఎక్కువైతే విషమవుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో బండి మీద డెలివరీలు చేస్తూ, మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, వాంతులు, విరేచనాలు కనబడితే అదేదో వడదెబ్బలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎండలో తిరిగే పని ఒప్పుకునే ముందు డాక్టర్‌కి చెప్పండి, లిథియం రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి.

[తెరపై: జీతం చీటీ. "ఈఎస్‌ఐ" అన్న గడి చుట్టూ ఎర్ర గీత.]

యాంకర్: ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి.

ఒకచోట నెలకి 15 వేలు చేతికిస్తామన్నారు, కాగితం ఏమీ లేదు. ఇంకోచోట 13 వేలే, కానీ ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, కడతారు. మామూలుగా మనం దేనికి మొగ్గుతాం? మొదటిదానికే. మానసిక జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం రెండోదాని వైపు చూడాలి. నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళకి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. వైకల్యం ఉన్న ఉద్యోగులకైతే ఆ పరిమితి 25 వేలు. మామూలు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. ఇది కొంతమందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, దీర్ఘకాలిక జబ్బులకి ఈఎస్‌ఐవాళ్ళ దగ్గర వేరే జాబితా ఉంది, 34 జబ్బులు. టీబీ, క్యాన్సర్‌తో పాటు స్కిజోఫ్రెనియా కూడా అందులో ఉంది. వీటికి జీతంలో 80 శాతం, అవసరాన్ని బట్టి రెండేళ్ళ దాకా వస్తుంది. అయితే అంతకుముందు రెండేళ్ళు ఈఎస్‌ఐ కిందున్న ఉద్యోగం చేసి ఉండాలి, ఆ కాలంలో 156 రోజుల చందా కట్టి ఉండాలి. అంటే జబ్బు తిరగబెట్టాక పరిగెత్తితే రాదు. కుదురుగా ఉన్నప్పుడే ఆ రోజులు జమ చేసుకోవాలి.

ఇంటర్వ్యూలో ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. "ఈఎస్‌ఐ, పీఎఫ్ ఉంటాయాండీ?" అని జబ్బున్నవాళ్ళే కాదు, అందరూ అడుగుతారు. దాంతో ఎవరికీ అనుమానం రాదు.

[షాట్: ఇద్దరు కూర్చున్న టీ బల్ల. ఒకరు హెచ్‌ఆర్, ఒకరు అభ్యర్థి. మధ్యలో ఫైలు.]

యాంకర్: జబ్బు సంగతి ఆఫీసులో చెప్పాలా వద్దా? చుట్టాలు "చచ్చినా చెప్పొద్దు" అంటారు. ఇంటర్నెట్‌లో కొందరు "ధైర్యంగా చెప్పేయండి" అంటారు. చెప్పేయండి అనేవాళ్ళు రేపు మీ అద్దె కట్టరు. నేను మధ్యదారి చెబుతాను. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు, మీకు కావాల్సింది మాత్రం చెప్పండి. "సార్, నాకొక ట్రీట్‌మెంట్ నడుస్తోంది, పొద్దున పదిన్నర తర్వాత షిఫ్ట్ ఇస్తే రెగ్యులర్‌గా వస్తాను, డాక్టర్ లెటర్ ఇస్తాను." ఇంతే. చాలామంది సూపర్‌వైజర్లకి ఇది షుగర్ పేషెంట్ టైముకి తింటానన్నట్టే వినిపిస్తుంది. కానీ వైద్య వివరాలు రాతపూర్వకంగా అడిగితే అబద్ధం రాయొద్దు, తర్వాత అదే మెడకి చుట్టుకుంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. మీ అనుమతి లేకుండా కంపెనీవాళ్ళు ఫోన్ చేసి కనుక్కోవడం కుదరదు.

వైకల్య సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, మానసిక జబ్బు అందులో ఒకటి. 40 శాతం, ఆపైన ఉంటేనే రిజర్వేషన్. దాన్ని లెక్కగట్టేది ఐడియాస్ అనే కొలమానంతో. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయగలగడం, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులేస్తారు. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో దానికి ఇంకో 4 దాకా. మొత్తం 7కి చేరితే 40 శాతానికి చేరినట్టు. కిందా మీదా పడి ఎలాగో పని చేసుకుంటున్నవాడికి మార్కులు తక్కువొస్తాయి, సర్టిఫికెట్ చేజారుతుంది. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు ముందు "అంతా బాగానే ఉందండీ" అని మర్యాదకి అనకండి. బాగోలేని వారం ఎలా ఉంటుందో చెప్పండి, ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో మొత్తం 4 శాతం రిజర్వేషన్. అందులో ఆటిజం, మేధోపరమైన వైకల్యం, అభ్యసన లోపాలు, మానసిక జబ్బు, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి 1 శాతమే. పోటీ ఎంతుంటుందో చూసుకోండి. దాని కోసం ఏళ్ళకేళ్ళు కోచింగ్ సెంటర్లో కూర్చోమని మాత్రం చెప్పను.

అయితే ఉద్యోగంలో ఉండగా జబ్బు వచ్చినవాళ్ళకి ఈ చట్టం గట్టి అండ. 20వ సెక్షన్ ప్రకారం వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనిలోకి మార్చాలి. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో ఇదే దారిన వెళ్ళింది. ఆయనకి ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే జబ్బు), డిప్రెషన్ ఉన్నాయి, ప్రవర్తన బాగోలేదని శాఖాపరమైన విచారణ పెట్టారు. ఆ ప్రవర్తన వెనక జబ్బు ఒక కారణమైనా చాలు, విచారణ వివక్ష కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. ఆర్టీసీలోనో ప్రభుత్వ బడిలోనో చేస్తున్నవాళ్ళెవరైనా "మానెయ్యమంటున్నారు, రాజీనామా రాసిచ్చేస్తా" అంటే, ఒక్క నెల ఆగమనండి. రాసిచ్చాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

[తెరపై: బస్సు టికెట్టు వెనకవైపు, పెన్నుతో రాస్తున్న చెయ్యి.]

యాంకర్: చివరగా ఒక పని. హైదరాబాద్ ఎర్రగడ్డలోనో విశాఖ చినవాల్తేరులోనో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్తే డాక్టర్ మీతో గట్టిగా ఐదు నిమిషాలు మాట్లాడతారు, బయట లైను అలా ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు "ఎలా ఉన్నావ్, బాగున్నాను"తో అయిపోతాయి. అందుకని ముందే చీటీ మీద మూడు లైన్లు రాసుకెళ్ళండి. ఏ పని వచ్చింది, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. రోజులో ఏ గంటల్లో మత్తుగా ఉంటోంది. ఆ పనిలో ఎండ, ఎత్తు, మెషీన్లు, బండి నడపడం ఏమైనా ఉన్నాయా. చీటీ డాక్టర్ చేతికే ఇచ్చేయండి.

ఆసుపత్రి దూరమైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పని గురించి కూడా అడగొచ్చు. ఎవరూ విసుక్కోరు.