పప్పన్నం పడని మెదడు

అందరికీ నమస్కారం. మెదడు ఎదుగుదలలో తిండి పాత్ర ఎంత, జన్యువుల పాత్ర ఎంత అని తరచూ అడుగుతుంటారు. ఫినైల్‌కీటోన్యూరియా, పొట్టిగా పి.కె.యు., అనే జబ్బులో ఈ రెంటినీ విడదీయలేం.

12వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిపోయే వస్తే, కాలేయంలో ఒక ఎంజైమ్ పనిచేయదు. మాంసకృత్తుల్లోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం, టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారక రక్తంలో పేరుకుంటుంది. మెదడులోకి ఈ రెంటికీ, ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికీ దారి ఒక్కటే. కిక్కిరిసిన బస్సులా దాన్ని ఫినైల్‌అలనిన్ ఆక్రమిస్తే మిగతావి బయటే ఉండిపోతాయి. దాంతో వాటి నుంచి తయారయ్యే డోపమైన్, సెరటోనిన్ అనే మెదడు రసాయనాలు తగ్గుతాయి, నరాల చుట్టూ మైలిన్ పొర సరిగా ఏర్పడదు. వైద్యం అందకపోతే తీవ్రమైన బుద్ధిమాంద్యం, మూర్ఛలు వస్తాయి. అరకొర వైద్యంతో పెరిగిన పిల్లల్లో నష్టం పైకి కనబడదు. ఐక్యూ బాగానే ఉంటుంది, కానీ చెప్పింది గుర్తుంచుకుని చేయడం, తొందరపాటును ఆపుకోవడం కష్టమవుతాయి. నుదుటి వెనకున్న మెదడు భాగానికి డోపమైన్ చాలకపోవడమే కారణం. బడిలో దానికి పెట్టే పేరు అల్లరి.

1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ ఇద్దరు తోబుట్టువుల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఆకుపచ్చ రంగు వచ్చింది. జబ్బు అలా బయటపడింది. ఆహార వైద్యం 1950ల్లో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది.

ఇప్పుడైతే పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్క చాలు. పాలు తాగడం మొదలై 24 గంటలు దాటాక, వీలైతే 48 నుంచి 72 గంటల మధ్య తీయాలి. అంతకు ముందే తీస్తే జబ్బు దొరక్కపోవచ్చు. మడమ మధ్యలో కాదు, పక్క అంచున గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి. పరీక్ష కాగితంపై ఉన్న వలయం ఒకే చుక్కతో, ఒకే వైపు నుంచి నిండాలి. చుక్క మీద చుక్క వేస్తే ఫినైల్‌అలనిన్ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. ఎండ తగలకుండా, పరిచి ఆరబెట్టాలి.

వైద్యం పది రోజుల్లోపే మొదలవ్వాలి. ఒక గ్రాము మాంసకృత్తిలో సుమారు 50 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనిన్ ఉంటుంది. జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డకు రోజుకు 250 మిల్లీగ్రాములే అనుమతి అనుకోండి, అంటే 5 గ్రాముల మాంసకృత్తులే: దాదాపు 200 గ్రాముల అన్నంతోనే సరి. పప్పు, పెరుగు, గుడ్డు పూర్తిగా మానాలి. సగ్గుబియ్యం, నెయ్యి, పంచదారతో ఇబ్బంది లేదు. మిగతా పోషణంతా ఫినైల్‌అలనిన్ లేని ప్రత్యేక పాలపొడితోనే, రోజుకు మూడు నాలుగు విడతలుగా. తల్లిపాలు కొలత ప్రకారం ఇవ్వచ్చు.

భయంతో ఫినైల్‌అలనిన్‌ను సున్నా చేసే తల్లిదండ్రులూ ఉంటారు. అది ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోలేని, తిండి నుంచే అందాల్సిన అమైనో ఆమ్లం. అందకపోతే ఒళ్లు తన కండరాలనే కరిగించుకుంటుంది, రక్తంలో అంకె తగ్గకపోగా పెరుగుతుంది. జ్వరంలోనూ ఇంతే, అందుకే అప్పుడు పాలపొడి ఆపకూడదు. చక్కెరకు బదులు వాడే ఆస్పర్టేమ్‌లోనూ ఫినైల్‌అలనిన్ ఉంది. డైట్ కూల్‌డ్రింకుల లేబుల్ చదవాలి.

జబ్బు అరుదే అయినా, మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటి దోషాలు బయటపడే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉండి చెడిన జన్యువును ఒక్కోటి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నూటికి 25 వంతుల ప్రమాదం.

ఈ పథ్యం జీవితాంతం ఉండాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. పథ్యం వదిలేసిన తల్లి గర్భం దాలిస్తే, బిడ్డకు పి.కె.యు. లేకపోయినా ఆమె రక్తంలోని ఫినైల్‌అలనిన్ వల్ల తల చిన్నదిగా, గుండె లోపాలతో పుట్టవచ్చు. కాబట్టి గర్భానికి ముందే ఆమె అంకెను లీటరుకు 360 మైక్రోమోల్‌ల లోపుకు తేవాలి.