చెదలకి నాలుగు రకాల మందులు వాడి చూశాను, డబ్బు దేనికి పెట్టాలో చెప్తాను

నమస్తే అండీ. మాటల్లోకి వెళ్ళే ముందు ఇది చూడండి. మా పాత ఫొటో ఆల్బమ్. పైన అట్ట మెరుస్తూనే ఉంది, ఒక్క చిల్లు కూడా కనపడదు. ఇప్పుడు తెరుస్తున్నా... చూశారా, లోపలంతా మట్టి. మధ్య పేజీలు ఒక్కటీ లేవు. చెదల పద్ధతే అంత, పైపొర జోలికి పోకుండా లోపల డొల్ల చేసేస్తాయి, ఎందుకంటే వాటి ఒళ్ళు మరీ మెత్తన, పొడిగాలి తగిలితే ఎండిపోయి చస్తాయి. అందుకే చీకట్లో, తడిలో, మట్టితో గొట్టాలు కట్టుకుని ఆ గొట్టాల్లోంచే తిరుగుతాయి.

ఈ ఆల్బమ్ ఇలా బయటపడ్డాక ఏడాదిన్నర పాటు ఏవేవో వాడాను. అందులో కొన్ని పనిచేశాయి, కొన్ని శుద్ధ దండగ. ఈ వీడియోకి నాకెవరూ డబ్బులివ్వలేదు. బ్రాండ్ పేర్లు కూడా చెప్పను, మందు పేరే చెప్తాను, ఎందుకంటే డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉండే ఆ పేరే అసలు సరుకు, ముందు వైపున్న బొమ్మలన్నీ అలంకారం.

మొదట స్ప్రే డబ్బా. అందరిలాగే నేనూ చేసిన మొదటి పని ఇదే. పుస్తకాల అలమర వెనక చెదలు కనిపించగానే కోపంతో సగం డబ్బా కొట్టేశాను, రెండు నిమిషాల్లో అన్నీ చచ్చాయి, గెలిచేశాం అనుకున్నాను. రెండు వారాలు తిరక్కుండానే మూడడుగుల అవతల, తలుపు ద్వారబంధం పక్కన కొత్త మట్టి దారి! ఎందుకో తర్వాత అర్థమైంది. మనకి కనిపించేవి కూలి పురుగులు మాత్రమే. రాణి ఎక్కడో నేలలో, పుట్టలో హాయిగా గుడ్లు పెడుతూ ఉంటుంది, దానికి మన స్ప్రే సంగతే తెలీదు. పైగా ఈ డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు, వాటిని చెదలు పసిగట్టేస్తాయి, మందున్న చోటు వదిలేసి చుట్టూ తిరిగి ఇంకో దారి వెతుక్కుంటాయి. అంటే చెదల్ని చంపుతున్నా అనుకుంటూ వాటిని ఇల్లంతా తిప్పింది నేనే అన్నమాట. పదికి రెండు మార్కులు, అవి కూడా కోపం తీరినందుకు. కిరోసిన్ పోస్తే పోతాయంటారు కదా, అదీ ఇలాంటిదే, తగిలిన చోట చస్తాయి అంతే. పైగా చెక్క నిండా కిరోసిన్ పట్టించి ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా?

ఇక్కడ ఒక్క నిమిషం. మందు కొనే ముందు మీ ఇంట్లో ఉన్నవి ఏ చెదలో చూసుకోండి. మట్టి గొట్టాలు ఉంటే అవి నేల చెదలు, నేల నుంచి గోడ పట్టుకుని పైకి వస్తాయి. మట్టి ఏమీ లేకుండా చెక్క కింద ఇసుక రేణువుల్లాంటి గట్టి గింజలు రాలి కుప్ప పడుతుంటే అవి పొడి చెక్కలో కాపురం ఉండే రకం, ఆ గింజలు వాటి రెట్టలు, భూతద్దంలో చూస్తే ఆరు పలకలు కనిపిస్తాయి. ఈ రెండో రకానికి నేలతో పనే లేదు, కాబట్టి ఫ్లోరంతా తూట్లు పొడిచి మందు పోసినా వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఆ చెక్కకే వైద్యం చెయ్యాలి లేదా దాన్ని తీసి పారెయ్యాలి. వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. బయటి నుంచి వస్తే పర్వాలేదు, ఇంట్లో గోడలోంచో గడపలోంచో బయటికొస్తుంటే మాత్రం పుట్ట మీ దగ్గరే ఉన్నట్టు. రెక్కల చీమా చెదా అని అనుమానం వస్తే నడుము చూడండి. చీమకి సన్నటి నడుము ఉంటుంది, చెదకి ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

మాది నేల చెద. దాంతో డ్రిల్లింగ్, అంటే ఫ్లోరుకి రంధ్రాలు పెట్టి నేలలోకి మందు ఎక్కించే పని, చేయించాను, చేయించాను అంటే ఒకసారి కాదు, రెండుసార్లు.

ఈ పద్ధతిలో వాడే మంచి మందులు ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్. వీటి గొప్పతనం ఏంటంటే చెదలు వీటిని పసిగట్టలేవు. మందు కలిసిన మట్టిలోంచే మామూలుగా నడిచి వెళ్ళిపోతాయి, వెంటనే చావవు, ఈలోపు ఒకదాన్నొకటి నాకుకుంటూ, నోటితో నోటికి మేత అందించుకుంటూ ఆ మందుని మిగతావాటికి అంటిస్తాయి. నిదానంగా చంపడమే ఇక్కడ పనితనం. అది తెలిశాక నాకు స్ప్రే డబ్బా చూస్తేనే నవ్వొస్తుంది.

కానీ మందు ఎంత మంచిదైనా పోసే మనిషి సరిగ్గా పొయ్యాలి. మొదటిసారి వచ్చినవాళ్ళు, పేరెందుకు లెండి, నలభై నిమిషాల్లో పని ముగించేశారు. నాలుగడుగులకో రంధ్రం, అది కూడా ఖాళీగా కనపడే గోడల పక్కనే. వంటగది అరల వెనక వదిలేశారు, బాత్రూమ్ గోడ వదిలేశారు, అడిగితే అక్కడికి రావు సార్ అన్నారు. ఐదు నెలలకి సరిగ్గా అక్కడి నుంచే వచ్చాయి. గ్యారంటీ కార్డు ఉంది కదా అని ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటూ తిప్పారు, చివరికి ఎత్తడం మానేశారు.

రెండోసారి వేరేవాళ్ళని పిలిచి నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, వాళ్ళకి చిరాకు వచ్చే ఉంటుంది. గోడా ఫ్లోరూ కలిసే చోట వరసగా, సుమారు అడుగు దూరానికి ఒకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో మట్టి ఇక తాగలేను అనేదాకా మందు ఎక్కించి, వైట్ సిమెంట్‌తో మూసేశారు. రోజంతా పట్టింది. నేలలో ఈ మందు ఒక గోడలా నిలబడాలి, అందులో ఒక్క జానెడు ఖాళీ ఉన్నా చెదలకి అదే గేటు, ఎందుకంటే మిల్లీమీటరు కంటే సన్నటి పగుల్లోంచి కూడా దూరి వచ్చే జాతి అది. మీరు చేయించేటప్పుడు ఏ మందు, లీటరు నీళ్ళకి ఎంత, మొత్తం ఎన్ని లీటర్లు పోస్తున్నారు అని అడగండి, సీల్ ఉన్న సీసా మీ ముందే తెరిచి కలపమనండి. నీళ్ళ పైపులు, కరెంటు తీగలు నేలలో ఎటు పోతున్నాయో ముందే చూపించండి, మా పక్కింట్లో డ్రిల్లు పైపులోకి దిగి చెద సంగతి మర్చిపోయి నీళ్ళు తోడుకున్నారు. బావి పక్కనా చెరువు పక్కనా ఈ మందులు పొయ్యనివ్వకండి, ఫిప్రోనిల్ చేపలకీ తేనెటీగలకీ విషం. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని అంతా ఆరేదాకా రానివ్వకూడదు. ఇంకోటి, తర్వాత గోడ పక్కన మొక్కల కోసం తవ్వారంటే ఆ మందు గోడని మీరే పగలగొట్టినట్టు.

పదికి ఎనిమిది. రెండోసారి చేసినదానికి.

మూడోది బోరేట్ పొడి, అంటే బోరాక్స్ లాంటి ఉప్పు, దీని గురించి త్వరగా చెప్పేస్తా. నీళ్ళలో కలిపి చెక్కకి పట్టిస్తే లోపలికి ఇంకుతుంది, ఆ చెక్క తిన్న చెద చస్తుంది. రంగు, వార్నిష్ వేసిన చెక్కకి పనికిరాదు, లోపలికి పోదు కదా. వాన తగిలే చోట కూడా వద్దు, కడుక్కుపోతుంది. నేను కొత్త అలమరకి రంగు వెయ్యకముందే రెండు పూతలు వేశాను. కొత్త ఫర్నిచర్ చేయిస్తున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వేయించండి. ప్లైవుడ్ మీద వాటర్‌ప్రూఫ్ అని ముద్ర ఉంది, ఇక చెద పట్టదు అని నాకూ చెప్పి అమ్మారు. నీళ్ళకి ఊడిపోనిది దాని జిగురు, చెక్క మాత్రం చెక్కే, శుభ్రంగా తినేస్తాయి. చెదకి కూడా మందు పెట్టారా అని విడిగా అడగాలి.

నాలుగోది ఎర డబ్బాలు. ఇంటి చుట్టూ నేలలో పాతిపెడతారు, మూడు మీటర్లకి ఒకటి అనుకోండి. లోపల హెక్సాఫ్లుమ్యురాన్ లాంటి మందు కలిపిన మేత ఉంటుంది. పురుగు పెరగాలంటే పాత పొర విడిచి కొత్త పొర కట్టుకోవాలి కదా, ఈ మందు ఆ పొర కట్టనివ్వదు. కూలి పురుగులు అది తిని, మిగతావాటికీ తినిపిస్తాయి, మెల్లగా పుట్టే ఖాళీ అవుతుంది. ఇంట్లో ఒక్క టైల్ కూడా పగలదు, ఈ విషయం నాకు బాగా నచ్చింది. నచ్చనిది ఓపిక పట్టడం. మా పెరట్లో ఏడు వారాలు ఒక్క పురుగు కూడా రాలేదు, నేను రోజూ మూత తీసి చూడటం కూడా ఒక కారణమే, అలా కెలికితే వచ్చినవి కూడా వెళ్ళిపోతాయి. నెలలు పడుతుంది. ఎర పెట్టి దాని పక్కనే స్ప్రే కొట్టకండి, పిలిచి తరిమినట్టు అవుతుంది.

ప్లగ్గులో పెడితే శబ్దంతో పురుగులు పారిపోతాయనే మెషీన్లు అసలు కొనొద్దు. ఇలా ప్రచారం చేస్తున్న కంపెనీలకి రుజువులు ఉండాలని వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 2001లోనే హెచ్చరికలు పంపింది, అవి ఇంకా అమ్ముతూనే ఉన్నారు. నారింజ నూనె అయితే తగిలిన పురుగే చస్తుంది, మళ్ళీ స్ప్రే కథే.

సరే, ఇప్పుడు ఈ గోడ చూడండి. ఇక్కడ మట్టి గొట్టం మధ్యలో ఒక అంగుళం విరగ్గొట్టి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాను. లోపల చెదలు బతికుంటే చాలాసార్లు కొద్ది రోజుల్లోనే మళ్ళీ మట్టితో పూడ్చేస్తాయి. మూడు వారాలైంది, అలాగే ఉంది. అంతమాత్రాన పుట్ట మొత్తం పోయిందని కాదు, అందుకే మిగతా గోడల మీద కూడా నెలకోసారి టార్చ్ వేసి చూస్తున్నాను. ఇవన్నీ ఈ గోడకే ఎందుకు పట్టాయంటారా? అవతలి వైపు సింక్ కింద పైపు కారుతోంది, గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఇన్ని మందులు కొన్నాను గానీ ఆ లీకు ఇంకా బాగు చేయించలేదండీ, ఇంట్లో రోజూ తిట్లు తింటున్నాను. ప్లంబర్ నాలుగింటికి వస్తానన్నాడు, ఇదిగో, బెల్ మోగింది, ఉంటా మరి.