ఏడాది పాటు రాగలరా?

వేదిక మీది పెద్దలకు, కొత్తగా చేరబోతున్న వాలంటీర్లకు నమస్కారం. పరిచయాలకే చాలాసేపు పట్టింది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. పిల్లలకు మెంటార్లు, అంటే క్రమం తప్పకుండా వచ్చి తోడుండే పెద్దవాళ్లు, ఏం నేర్పాలో చెప్పమన్నారు. దానికంటే ముందు, మానేయడం గురించి మాట్లాడాలి.

నేను ఇదివరకు పనిచేసిన కేంద్రంలో పదకొండేళ్ల పిల్లాడు ఒకడు ఉండేవాడు. కొత్తవాళ్లు వచ్చి పక్కన కూర్చుంటే పేరు కూడా అడక్కుండా "మీరు ఎన్నాళ్లు వస్తారు?" అనేవాడు. అంతకుముందు వాడి దగ్గరికి ఒక అన్నయ్య వచ్చేవాడు. చెస్ నేర్పాడు, ఫొటోలు దిగాడు, సర్టిఫికెట్ చేతికొచ్చాక ఫోన్ ఎత్తడం మానేశాడు. పిల్లాడు మాత్రం శనివారం సాయంత్రం కాగానే బోర్డు మీద రెండు వైపులా పావులు పేర్చుకుని కూర్చునేవాడు. మేం అటుగా వెళ్తే "ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటాడు" అని వాడే మాకు నచ్చజెప్పేవాడు. కొన్ని వారాలకు ఆ చెస్ పెట్టె తీయడం మానేశాడు, బడికి వెళ్లడమూ మానేశాడు. ఆ ఏడాది సంస్థ నివేదికలో మాత్రం ఆ జోడీని విజయాల లెక్కలో వేశారు! ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంట్లో తాగుడు, దెబ్బలు, వదిలేసి వెళ్లిన తల్లో తండ్రో... పెద్దవాళ్లు మాట మీద నిలబడరని ఈ పిల్లలకు ముందే తెలుసు. మనం కూడా వెళ్లి అదే రుజువు చేసి రావాలా, చెప్పండి?

గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఇదే విషయం రాశారు. మెంటార్ ఏడాదికి పైగా కొనసాగిన పిల్లలు బాగా మెరుగుపడ్డారు. మూడు నెలల్లోపే బంధం తెగిపోయిన పిల్లలకైతే తమ మీద, తమ చదువు మీద ఉన్న నమ్మకం ఇంకా తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే మనిషి అసలు రాకపోతేనే నయం.

నిలిచి ఉంటే ఏమవుతుందో కూడా చెప్తాను. 1955లో హవాయిలోని కవాయి దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికంలో, ఇంటి గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లను నిలబెట్టిన వాటిలో ఒకటి, తమను పట్టించుకునే పెద్ద ఒక్కరైనా ఉండటం. తాతో అమ్మమ్మో కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు. వెనక వరుసలో ఫోన్ చూస్తున్న తమ్ముడూ, ఆ ఒక్కరు నువ్వే కావచ్చు, కాస్త ఇటు విను.

మొదటి నెలల్లో పిల్లలు మాట్లాడరు. రమ్మన్న రోజు రారు. ఒక్కోసారి తిడతారు కూడా. మీరు ఎప్పుడు వదిలేస్తారా అని చూస్తుంటారు, అంతే. మీరు చెప్పిన టైముకు వెళ్లి కూర్చోండి. ఖరీదైన బహుమతులు వద్దు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి, ఎవరైనా కొడుతున్నారని బిడ్డ చెబితే అదే రోజు కోఆర్డినేటర్‌కు చెప్పాలి. బదిలీ అయినా, జబ్బు చేసినా ముందే, ఎదురుగా కూర్చుని, చివరి రోజు ఏదో తేదీతో సహా చెప్పి వెళ్లండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు.

ఫారాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇవాళే సంతకం పెట్టాలనేం లేదు. ఇంటికి తీసుకెళ్లి, వచ్చే ఏడాది మీకు పరీక్షలున్నాయా, బదిలీ ఉందా చూసుకోండి. ఏడాది కుదరదనుకున్నవాళ్లు కూడా వెళ్లిపోకండి, లెక్కలు రాయడానికి, పుస్తకాలు సర్దడానికి మనుషులు కావాలి. ఆ పేర్లు నేనే రాసుకుంటాను, ఇటు రండి.