ఘాట్‌లో మూడో గేరు: బావతో ఒక ఎపిసోడ్

నేను: నమస్తే, కడప నుంచి మాట్లాడుతున్నాం. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమనుకోవద్దు, ఆపితే ఇద్దరం ఉడికిపోతాం. ఈరోజు మా బావ వచ్చినాడు. కారు కొనాలి, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైనా, టాటా ఆల్ట్రోజ్ రేసరా అని నాలుగు నెలలు ఇంట్లో అందరి ప్రాణం తీసిన మనిషి.

బావ: మూడు నెలలే. అయినా తప్పు నాది కాదు బామ్మర్దీ, కాగితం చూడు. రెండూ మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్. రెండింటి పవర్ 120 పీఎస్. టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఒకదానికి 172 ఎన్‌ఎం, ఇంకోదానికి 170. మాన్యువల్‌లో రెండింటికీ ఆరు గేర్లు. కవలపిల్లల్లో ఒకరిని ఎంచుకోమన్నట్టుంది.

నేను: పొడవు కూడా 3995, 3990 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరుగుతుందని అక్కడికే ఆపుతారు.

బావ: అసలు నా మనసంతా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ మీద ఉండేది. దాని తయారీ 2022లో ఆగిపోయింది. వదిలెయ్, ఆ బాధ ఇప్పుడెందుకు.

నేను: మరి షోరూంలో నడిపి చూసుకోలేదా?

బావ: అదేం నడపడం? తిన్నటి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు. పక్కన కూర్చున్న పిల్లోడు "మెల్లగా సార్, మెల్లగా సార్" అంటూ పైనున్న హ్యాండిల్ వదల్లేదు. ఏసీ చల్లగా ఉందని మాత్రం తెలిసింది. అందుకే తెలిసినవాళ్లను బతిమాలి రెండు బండ్లూ తీసుకున్నా. గువ్వలచెరువు ఘాట్‌కి పోయినాను.

నేను: రాయచోటి రోడ్డు. పాలకోవా కోసం కాదు కదా?

బావ: అదీ ఉందిలే. అయితే మొదటిసారి పోల్చడంలో బోల్తా పడినా. ఎన్ లైన్ పొద్దున ఆరున్నరకి నడిపినా. రేసర్ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మే నెల. ఘాట్ ఎక్కుతుంటే రేసర్ ఆయాసపడినట్టు అనిపించింది. ఇది మనది కాదు అని ఇంటికొచ్చి తేల్చేసినా.

నేను: ఎండ దెబ్బ!

బావ: టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది. నొక్కితేనే గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉన్నా, బయటే నలభై మూడు డిగ్రీలుంటే అది మాత్రం ఎంతని చల్లారుస్తుంది? లోపలికి పోయే గాలి వేడిగా ఉంటే ఇంజిన్‌లో పెట్రోల్ దానంతటదే అంటుకుని టకటకమంటుంది, దాన్నే నాకింగ్ అంటారు. అది రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. పవర్ తగ్గుతుంది. పైన ఏసీ భారం. అంటే నేను పోల్చింది బండ్లను కాదు, పొద్దునకీ మధ్యాహ్నానికీ ఉన్న తేడాని.

నేను: టైర్ల గాలి సంగతి కూడా చెప్పు.

బావ: సిగ్గు తీస్తున్నావు. ఎన్ లైన్ గతుకుల్లో రాయిలా కొడుతోందని తిట్టుకున్నా. చూస్తే నాలుగు టైర్లలోనూ నలభై ఉంది. ఎవరో ఫుల్‌గా కొట్టి పంపినారు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే ఉంచి, వారం తర్వాత రెండు బండ్లనూ ఒకే పొద్దున, ఒకదాని వెనక ఒకటి నడిపినాం. అప్పుడు గానీ అసలు తేడా బయటపడలేదు.

నేను: ఏంటది?

బావ: మా ముందు బండలు వేసుకుని పోతున్న లారీ. మలుపు తిరిగేసరికి వేగం ముప్పైకి పడిపోయింది. అవతల కాస్త ఖాళీ రోడ్డు. మూడో గేర్లోనే ఉండి తొక్కితే ఎన్ లైన్ ఇంజిన్ పదిహేను వందల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటగానే లాగడం మొదలుపెట్టింది. రేసర్‌లో ఇంకాస్త పైకి రావాలి, నేను రెండో గేరుకి దిగినా. దిగితే మాత్రం బాగా లాగుతుంది, సైలెన్సర్ గొంతు కూడా దానిదే బాగుంది. కానీ రోజూ ఘాట్ ఎక్కేవాడికి ఆ ఒక్క గేరు పదిసార్లు మార్చడం పనే. దిగేటప్పుడు బ్రేకులు చూసుకున్నా. నేను నడిపిన ఎన్ లైన్‌కి వెనక కూడా డిస్కులు, రేసర్‌కి డ్రమ్ములు.

నేను: నేనైతే రేసరే తీసుకునేవాణ్ణి. గాలి వచ్చే సీట్లు బావా! కడప ఎండల్లో అంతకంటే స్పోర్ట్స్ ఫీచర్ ఏముంది?

బావ: అమ్మ కూడా అదే అనింది. రేసర్‌లో తలుపు తొంభై డిగ్రీలు తెరుచుకుంటుంది, మోకాళ్లు పట్టుకుని వంగాల్సిన పని లేదు. గతుకుల్లో ఆమె ఒళ్లో పాలకోవా డబ్బా కదల్లేదు. ఎన్ లైన్‌లో రెండుసార్లు ఎగిరింది.

నేను: సేఫ్టీ?

బావ: అక్కడ నోరు మూసుకోవాల్సిందే. బండ్లను గుద్ది చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో మామూలు ఆల్ట్రోజ్‌కి 2020లోనే అయిదు స్టార్లు. మామూలు ఐ20కి 2022లో మూడు. నాన్న ఆ మాట పట్టుకుని పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కోపం న్యాయమే, నా మనసు మాత్రం మూడో గేర్ దగ్గరే ఇరుక్కుంది.

నేను: చివరికి ఎన్ లైనే కొన్నావు. ఈరోజు ఇక్కడికి స్కూటర్ మీద వచ్చినావేంది మరి?

బావ: క్లచ్ దూదిలా ఉందని మీ అక్కకు తెలిసిపోయింది. పొద్దున్నే తాళం తీసుకుని రాయచోటికి పోయింది.